తలుపు దగ్గర కుర్చీ: ప్రమోషన్ కోసం వచ్చిన ఒక క్లయింట్ కేస్ స్టడీ

వైజాగ్‌లో నేను కోచ్‌ని అని చెప్తే మొదట వచ్చే ప్రశ్న "ఏ ఎగ్జామ్‌కండీ?" అని. తప్పు వాళ్ళది కాదు, ద్వారకానగర్‌లో ఏ మేడ చూసినా బ్యాంకు కోచింగ్, గ్రూప్స్ కోచింగ్ బోర్డులే కదా, మా అత్తగారైతే నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తానని ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తూంటారు. కాదండీ, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళతో వన్ టు వన్ మాట్లాడతాను, వాళ్ళ పని గురించి, నిర్ణయాల గురించి అంటే రెండో ప్రశ్న వస్తుంది, "అంటే కౌన్సెలింగా?" అని. మనకి కౌన్సెలింగ్ అంటే ఇంజనీరింగ్ సీట్లకి జరిగేది, లేకపోతే ఆదివారం స్టేషన్లో పోలీసులు రౌడీషీటర్లకి ఇచ్చేది. ఈ రెండో ప్రశ్నకి నా దగ్గర చాలా ఏళ్ళు ఒక రెడీమేడ్ జవాబు ఉండేది: "థెరపీ గతం గురించి, కోచింగ్ భవిష్యత్తు గురించి." ట్రైనింగ్‌లో నేర్పింది అదే, స్లైడ్ మీద చాలా బాగుంటుంది కూడా. ఈ కేసు తర్వాత ఆ మాట అనడం మానేశాను, ఎందుకో రాస్తున్నా.

క్లయింట్ అనుమతితోనే రాస్తున్నా, ఆయన డ్రాఫ్ట్ చదివి రెండు చోట్ల మార్చమన్నారు, మార్చాను. పేరు, కంపెనీ, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. పేరు అప్పలరాజు గారు అనుకుందాం, సింహాచలం అప్పన్న దయవల్ల ఈ చుట్టుపక్కల అప్పలరాజు లేని వీధి ఉండదు కాబట్టి ఎవరూ కనిపెట్టలేరు.

వయసు 41, సొంతూరు టెక్కలి వైపు, ఇల్లు మధురవాడ, ఉద్యోగం పరవాడ వైపు ఒక ఫార్మా కంపెనీలో, ప్రొడక్షన్‌లో డిప్యూటీ మేనేజర్. భార్య టీచరు, ఇద్దరు పిల్లలు. పంపించింది కంపెనీ హెచ్ఆర్. ఎనిమిది సెషన్ల ప్యాకేజీ, మొదట ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం, హెచ్ఆర్ మేడమ్, ఆయన, నేను. వాళ్ళు అడిగింది ఏంటంటే, మనిషికి సబ్జెక్ట్ మీద మంచి పట్టు ఉంది, కింద వాళ్ళకి పని అప్పజెప్పడం బాగా వచ్చు, కానీ ఆడిట్ మీటింగుల్లో ముందుకొచ్చి మాట్లాడరు, ఏప్రిల్‌లో మేనేజర్ పోస్టుకి పేరు పెట్టాలంటే "ప్రెజెన్స్" కనబడాలి. ఫార్మాలో ఉన్నవాళ్ళకి తెలుసు, బయటి ఇన్స్పెక్టర్ వచ్చినప్పుడు ఒక బ్యాచ్‌లో డీవియేషన్, అంటే రాసిపెట్టిన పద్ధతి తప్పడం, ఎందుకొచ్చింది, దాని మీద ఏం చర్య తీసుకున్నారు అని నిలబెట్టి అడుగుతారు, అక్కడ తడబడితే కంపెనీ మొత్తం తడబడినట్టే.

ఎంవీపీ కాలనీలో నా గది మూడో అంతస్తు. లిఫ్ట్ ఉంది. ఆయన మెట్లెక్కి వచ్చారు. నా నోట్స్‌లో రాసుకున్నా, "ఫిట్‌నెస్ మీద శ్రద్ధ ఉంది" అని. సోఫా చూపిస్తే వద్దని తలుపు పక్కన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, బిడియం అనుకున్నా. ఏసీ వేస్తుంటే "తలుపు కొంచెం తీసి ఉంచొచ్చా మేడమ్, ఫోన్ వస్తే సిగ్నల్ ఉండదు" అన్నారు, సరే అన్నా. గంటసేపు వాటర్ బాటిల్ చేతిలోంచి దించలేదు. కంపెనీ బస్సు ఉంది కదా అంటే "బస్సులో టైం వేస్టండీ, నేను బండి మీద వెళ్ళిపోతాను" అన్నారు. మధురవాడ నుంచి పరవాడ 40 కిలోమీటర్ల పైమాటే, ఎన్ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం ట్రాఫిక్‌లో రోజూ రానూపోనూ బండి మీద, లారీల మధ్యలో. దానికి నేను రాసుకున్నది "స్వతంత్రంగా ఉండే స్వభావం". ఇప్పుడు ఆ నోట్స్ చూస్తే నాకే సిగ్గేస్తుంది, ఐదు సంగతులు ఐదు లైన్లలో వరసగా రాసి ఉన్నాయి, ఒక దానికింద ఒకటి, వాటిని కలిపి ఒక్కసారి కూడా చదవలేదు.

ఎందుకు చదవలేదంటే నేను లక్ష్యం వెతుక్కుంటున్నా. జాన్ విట్‌మోర్ 1990ల్లో పాపులర్ చేసిన గ్రో మోడల్ అని ఉంటుంది, లక్ష్యం ఏంటి, ఇప్పుడు పరిస్థితి ఏంటి, దారులు ఏమున్నాయి, ఏం చేస్తావు, ఇదీ వరస. మంచి మోడలే, ఇప్పటికీ వాడతాను. కానీ మొదటి గంటలోనే లక్ష్యం ఖరారు చెయ్యాలనే తొందర ఉన్నప్పుడు మనిషి చెప్పే ప్రతీదీ ఆ లక్ష్యానికి అడ్డమో సాయమో అన్నట్టే వినబడుతుంది, వేరే ఏదో అయ్యుండొచ్చు అని తట్టదు.

రెండో సెషన్‌లో అడిగా, సోమవారం మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడాలంటే మీ ధైర్యం ఒకటి నుంచి పది వరకు ఎంత అని. మూడు అన్నారు. ఐదు అవ్వాలంటే ఏం మారాలి అంటే, "ముందు గాభరా తగ్గాలండీ" అన్నారు. నేను నాలుగు లెక్కపెట్టి పీల్చి, నాలుగు ఆపి, నాలుగు వదిలే బ్రీతింగ్ నేర్పించా, అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్యమన్నా, మీటింగ్‌లో ఎక్కడ కూర్చుంటే మీకు హాయిగా ఉంటుందో మీరే ఎంచుకోండి అన్నా. ఆయన తలుపు దగ్గర అన్నారు. సోమవారం పది నిమిషాలు మాట్లాడేశారు. ఫోన్ చేసి "అయిపోనాది మేడమ్, బాగానే అయిపోనాది" అంటే నాకు భలే సంతోషం వేసింది, రెండో సెషన్‌కే రిజల్ట్ అని.

మూడో సెషన్‌కి ఆ బ్రీతింగ్ కాస్తా పెరిగింది. ఏ మీటింగ్‌కైనా పదిహేను నిమిషాల ముందు వాష్‌రూమ్‌కి వెళ్ళి చేస్తున్నారట, చెయ్యకపోతే లోపలికి అడుగు పెట్టలేకపోతున్నారట. నేను దాన్ని మెచ్చుకున్నా, మంచి అలవాటు చేసుకున్నారని. ఈ వాక్యం రాయడం కష్టంగానే ఉంది.

నాలుగో సెషన్ జరగలేదు. ఆ వారం వాళ్ళకి మాక్ ఆడిట్, అంటే అసలు ఆడిట్‌కి రిహార్సల్, పెద్ద కాన్ఫరెన్స్ హాలు, పద్నాలుగు మంది, ప్రొజెక్టర్ ఉన్న వైపు నిలబడాలి, అంటే తలుపుకి అటు చివర. మూడో స్లైడ్ దగ్గర దడ మొదలైంది, నాలుగు లెక్కపెట్టి పీల్చారు, తగ్గలేదు, ఇంకా గట్టిగా పీల్చారు, చేతులు తిమ్మిర్లు, కళ్ళు తిరుగుడు, ఒక్క మాట కూడా చెప్పకుండా బయటికి వెళ్ళిపోయారు. కొలీగ్ కారులో గాజువాకలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీ నార్మల్, రక్తపరీక్ష నార్మల్. మర్నాడు నాకు ఫోన్ చేసి "ఏటీ లేదు మేడమ్, గ్యాసంట" అన్నారు. మాటల్లో బయటపడింది, ఆ ఏడాదిలో ఇలా కాజువాల్టీకి వెళ్ళడం అది మూడోసారి.

నేను నోట్స్ తీసుకుని నా సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. తెలీనివాళ్ళ కోసం, మా పనిలో సీనియర్ ఒకరి దగ్గర మన కేసులు పెట్టి తప్పులు చూసుకోవడం ఉంటుంది, తప్పనిసరి కాదు గానీ చెయ్యకపోతే మునిగిపోతాం. ఆవిడ అంతా విని ఒకటే అడిగారు, "నువ్విచ్చిన హోంవర్క్ ఒక్కోటీ ఆయన్ని గదిలోకి నడిపించిందా, తలుపు దగ్గరికి నడిపించిందా?"

నాకు నోట మాట రాలేదు.

గాభరా గురించి నాకు తెలిసింది ఇక్కడ రాయాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పానిక్ అటాక్ అంటే ఒంట్లో అలారం దొంగ లేకుండా మోగడం. నిమిషాల్లో పైకెక్కుతుంది, దానంతటదే దిగుతుంది, అందులో మనిషి చచ్చిపోడు. కానీ ఆ నిమిషాల్లో చచ్చిపోతున్నాననే అనిపిస్తుంది. వేగంగా లోతుగా పీలుస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తిమ్మిర్లు, కళ్ళు తిరగడం వస్తాయి, అవి చూసి ఇంకా భయం, ఇంకా పీల్చడం. బ్రిటన్ సైకాలజిస్ట్ డేవిడ్ క్లార్క్ 1986లో చెప్పిన మాట ఇదే, ఒంట్లో వచ్చే మామూలు మార్పుని ముంచుకొచ్చే ఆపద అని చదువుకోవడమే ఈ చక్రాన్ని తిప్పుతుందని. ఒకసారి వచ్చాక మనిషి తనని తాను కాపాడుకోవడానికి ఏర్పాట్లు చేసుకుంటాడు, తలుపు దగ్గర కుర్చీ, చేతిలో నీళ్ళు, లిఫ్ట్ మానెయ్యడం, బస్సు మానెయ్యడం. ఆ ఏర్పాటు ఉన్న ప్రతిసారీ బతికి బయటపడతాడు, బుర్ర ఏం నేర్చుకుంటుందంటే "బాటిల్ ఉంది కాబట్టి బతికాం" అని. అసలు ఆపదే లేదన్న సంగతి నేర్చుకునే ఛాన్స్ దానికి ఎప్పుడూ రాదు. నేనేం చేశానంటే ఆ లిస్టులో ఇంకొకటి చేర్చాను, వాష్‌రూమ్‌లో పదిహేను నిమిషాల బ్రీతింగ్, అదీ కంపెనీ డబ్బుతో.

కోచింగ్‌లో ఒక నమ్మకం ఉంది, సమాధానాలు క్లయింట్ దగ్గరే ఉంటాయి, మనం అడిగి బయటికి తియ్యాలంతే అని. చాలామంది విషయంలో నిజం. అప్పలరాజు గారి దగ్గర కూడా సమాధానం ఉంది, తలుపు దగ్గర కూర్చుంటాను అని. జబ్బే ఆ సమాధానం.

పంపించడం

తర్వాతి సెషన్‌లో గ్రో లేదు, ఒకటి నుంచి పది స్కేల్ లేదు. మెట్లు, తలుపు, బాటిల్, బండి, మూడుసార్లు కాజువాల్టీ, నేను చూసినవి ఒక్కొక్కటే చెప్పి, "ఇవన్నీ ఒకటేనా అండీ?" అని అడిగా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలెడితే ఆగలేదు. రెండేళ్ళ క్రితం సాయంత్రం షిఫ్ట్ బస్సులో గాజువాక దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మొదటిసారి వచ్చిందట, బస్సు ఆపించి దిగిపోయారట. అప్పట్నుంచి బండి. ప్లాంట్‌లో స్టెరైల్ ఏరియాకి వెళ్ళాలంటే ఎయిర్‌లాక్ దాటాలి, రెండు తలుపులుంటాయి, ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు, గౌను, మాస్కు, గాగుల్స్ వేసుకుని ఆ మధ్యలో నిలబడాలి. ఏడాదిన్నర నుంచి ఆయన అందులో అడుగు పెట్టలేదు, అన్నిటికీ జూనియర్లని పంపిస్తున్నారు. హెచ్ఆర్ ఫీడ్‌బ్యాక్‌లో "పని అప్పజెప్పడం బాగా వచ్చు" అని ఉందే, అది ఇదన్నమాట. పర్సులో అల్ప్రాజోలమ్ అని ఆందోళన తగ్గించే మందు, దాని అరబిళ్ళ మడిచిపెట్టిన కాగితం ఉంది, ఎప్పుడో ఒక డాక్టర్ రాసింది, ఆ చీటీతోనే మెడికల్ షాపులో మళ్ళీమళ్ళీ తెచ్చుకుంటున్నారు. వారానికి రెండు మూడు.

వాళ్ళ నాన్నగారు 45 ఏళ్ళకి గుండెపోటుతో పోయారని కూడా చెప్పారు, ఎలా పోయారో, ఆ రోజు తను ఎక్కడున్నారో. ఇక్కడ నా చేతులు ఎంత దురద పెట్టాయో చెప్పలేను. ఇంకొక్క ప్రశ్న అడిగితే చాలు, మొత్తం బయటికొచ్చేలా ఉంది, ఆయన కూడా ఏడవడానికి సిద్ధంగా ఉన్నారు, నాకు ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన ఎమ్మెస్సీ సైకాలజీ ఒకటి గుర్తొస్తోంది. అడగలేదు. దాన్ని తెరవడం తెలుసు, మూసి ఇంటికి క్షేమంగా పంపడం నాకు తెలీదు, పైగా ఆయన బయటికెళ్ళి బండి ఎక్కి హైవే మీద వెళ్ళాలి. అడగాల్సింది వేరే ఒకటి ఉంది, అది నేరుగా అడిగా, "ఎప్పుడైనా చచ్చిపోదామని అనిపించిందా?" అని. "అబ్బే, చచ్చిపోతానేమోననే కదా మేడమ్ నా బాధంతా" అన్నారు. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని కోచ్‌లు చాలామంది భయపడతారు, అలా అవ్వదు, అడగకపోవడమే ప్రమాదం.

మీకు ఫలానా జబ్బు ఉంది అని మాత్రం చెప్పలేదు. అది చెప్పడానికి నాకు అర్హత లేదు. "మీకు ధైర్యం తక్కువ కాదు, మీ ఒంట్లో అలారం ఊరికే మోగుతోందని నాకనిపిస్తోంది, దానికి బాగా పనిచేసే ట్రీట్‌మెంట్లున్నాయి, అవి నా చేతిలో లేవు, నేను నేర్పినవి దాన్ని పెంచుతున్నాయేమో కూడా" అన్నా. ఆయన మొదటి మాట, "అంటే నన్ను వాల్తేరు పంపిస్తన్నారా?" అని. బయటి ఊళ్ళవాళ్ళకి అర్థం కాకపోవచ్చు, ఇక్కడి మానసిక ఆస్పత్రి వాల్తేరులోనే, 1871 నుంచి ఉంది, మా వైపు ఎవరైనా తిక్కగా మాట్లాడితే వాల్తేరు పంపించాలి వీణ్ణి అనడం తాతల నాటి నుంచి ఉన్న మాట. నవ్వి ఊరుకుంటే సరిపోదు, అది జోకు కాదు, ఇంట్లో వాళ్ళు ఏమంటారు, బావమరిది ఏమంటాడు, రేపు అమ్మాయి సంబంధాలు అన్నీ ఉన్నాయి అందులో. నేను అన్నది ఒకటే, "గుండె డాక్టర్ దగ్గరికి మూడుసార్లు వెళ్ళారు కదా, అప్పుడు ఎవరికైనా చెప్పడానికి సిగ్గుపడ్డారా?" అని. ఒప్పుకున్నారని కాదు గానీ, ఇంటికెళ్ళి మా ఆవిడతో మాట్లాడతాను అన్నారు. మూడు రోజుల తర్వాత ఫోన్ చేసింది ఆవిడే, "రెండేళ్ళ నుంచి నేను మొత్తుకుంటన్నాను మేడమ్" అని.

మూడు దారులు చెప్పాను, ఇక్కడి ప్రభుత్వాస్పత్రి కేజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ, ఒక ప్రైవేటు సైకియాట్రిస్ట్, ఒక క్లినికల్ సైకాలజిస్ట్. ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్ళమన్నా, కారణం ఆ అరబిళ్ళ, ఏళ్ళ తరబడి వాడుతున్నది ఒక్కసారిగా ఆపితే ఇంకో గొడవ, అది డాక్టరే చూడాలి, థైరాయిడ్ లాంటివి కూడా చూస్తారు. రాత్రిపూట మరీ ఇబ్బంది అయితే టెలిమానస్ 14416కి చెయ్యమని నంబర్ రాసిచ్చా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. ఇంకో మాట, మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యుండాలి, ఆ నంబర్ అడగడం తప్పు కాదు. కోచ్ అని బోర్డు పెట్టడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. నాకున్నది ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) సర్టిఫికెట్, 1995లో అమెరికాలో పెట్టిన సంస్థ, ఎన్ని గంటల ట్రైనింగ్, ఎన్ని గంటల కోచింగ్ అని లెక్కలు చూసి ఇస్తారు, అవసరమైతే వేరే నిపుణుల దగ్గరికి పంపాలని వాళ్ళ నియమాలు కూడా చెప్తాయి, కానీ అది చట్టం కాదు.

హెచ్ఆర్‌తో జరిగింది త్వరగా చెప్పేస్తా. "ఇద్దరం మాట్లాడుకుని కోచింగ్ కొంతకాలం ఆపాం, మిగిలిన సెషన్లు తర్వాత" అని మెయిల్ పెట్టా. ఎందుకు అని వచ్చింది. చెప్పలేనన్నా. డబ్బు మేమిస్తున్నాం కదా అన్నారు. మానసిక ఆరోగ్య చట్టం 2017లో 23వ సెక్షన్ ట్రీట్‌మెంట్ వివరాల గోప్యత గురించి చెప్తుంది, అది వైద్యం చేసేవాళ్ళకి, నాలాంటి కోచ్‌ని కాపాడేది మాత్రం మొదటి రోజు ముగ్గురం సంతకం పెట్టిన కాగితమే, అందులో "సెషన్లో మాట్లాడింది క్లయింట్ చెప్పమంటేనే చెప్తాం" అని ఒక లైన్ ఉంది. ఆ లైన్ లేకపోతే నేనేం చేసేదాన్నో నాకు తెలీదు. ఆ కంపెనీ నుంచి తర్వాత నాకు కొత్త క్లయింట్లు రాలేదు. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో.

ఆ ఐదు నెలలు

ఆయన రాతపూర్వకంగా ఒప్పుకుని నన్నూ సైకాలజిస్ట్‌నీ మాట్లాడుకోమన్నారు. సైకియాట్రిస్ట్ ఒక మందు తక్కువ డోసుతో మొదలెట్టి, అల్ప్రాజోలమ్ మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. సైకాలజిస్ట్ వారానికోసారి సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ, పద్నాలుగు సెషన్లు. ఆవిడ నాకు ఫోన్ చేసినప్పుడు మర్యాదగానే మాట్లాడారు, కానీ ఒక మాట అన్నారు, "మీరు నేర్పిన బ్రీతింగ్ మానిపించడానికి నాకు మూడు వారాలు పట్టిందండీ." బ్రీతింగ్ చెడ్డదని కాదు, మామూలు టెన్షన్ ఉన్నవాళ్ళకి హాయిగా ఉంటుంది, ఈయనకి మాత్రం అది ఇంకో వాటర్ బాటిల్ అయిపోయింది.

ఆవిడ చేయించింది నేను చేయించిన దానికి సరిగ్గా ఉల్టా. గదిలోనే కావాలని దడ తెప్పించుకోవడం, స్ట్రాతో ఊపిరి పీల్చడం, కుర్చీలో గిరగిరా తిరగడం, మెట్ల మీద పరిగెత్తడం, తర్వాత ఏమీ చెయ్యకుండా, నీళ్ళు తాగకుండా, తలుపు వైపు చూడకుండా అది పైకెక్కి దిగేదాకా కూర్చోవడం. తర్వాత లిఫ్ట్, ముందు ఒక అంతస్తు, తర్వాత మూడు. తర్వాత బస్సు, కిటికీ పక్క, వెనక సీటు. చివర్లో ఎయిర్‌లాక్. ఆయన చెప్పారు, మొదటి రోజు ఎయిర్‌లాక్‌లో కావాలనే రెండు నిమిషాలు ఎక్కువ నిలబడ్డారట, అవతల ఆపరేటర్ అద్దంలోంచి చూసి సార్‌కి తలుపు స్టక్ అయిందనుకుని పరిగెత్తుకొచ్చాడట.

ఇప్పుడు నా పాత జవాబుకి వద్దాం. థెరపీ గతం, కోచింగ్ భవిష్యత్తు. ఈ పద్నాలుగు సెషన్లలో గతం ఎంతుందో తెలుసా, నాన్నగారి గురించి రెండు సెషన్లు, మిగతావన్నీ రేపు లిఫ్ట్ ఎక్కాలి, ఎల్లుండి బస్సు ఎక్కాలి, హోంవర్క్, స్కేల్ మీద ఎంత అనే. పక్కనుంచి చూస్తే నా సెషన్‌లాగే ఉంటుంది. ఉండదా మరి, మా సామాన్లు సగం వాళ్ళ ఇంటివే. ఒకటి నుంచి పది స్కేల్ ప్రశ్న స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ వాళ్ళ థెరపీలోది, మనిషిని తీర్పు చెప్పకుండా వినడం కార్ల్ రోజర్స్‌ది, ఆలోచనని పట్టుకుని ప్రశ్నించడం ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్‌లది, అందరూ థెరపీ వాళ్ళే. అద్దెకి తెచ్చుకున్న సామాన్లతో కొట్టు పెట్టుకుని పక్క కొట్టు వేరే వ్యాపారం అంటే ఎలా. తేడా టాపిక్‌లో లేదు, టైంలో లేదు, టూల్స్‌లో లేదు. నాకు పనికొచ్చిన తేడా మా సూపర్‌వైజర్ అడిగిందే, నేనిచ్చే పని ఈ మనిషి చేతిలోకి వెళ్ళాక ఆయన బతుకుని పెద్దది చేస్తోందా, తెలీకుండా ఇంకొంచెం కుదిస్తోందా. పెద్దది చేస్తుంటే నేను కొనసాగొచ్చు. కుదిస్తుంటే, ఎందుకో నేను కనుక్కోవాల్సిన పని కూడా లేదు, కనుక్కోగలిగిన వాళ్ళ దగ్గరికి పంపాలి.

ఇది అరుదుగా వచ్చే కేసు అనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలో కోచింగ్ మీద పరిశోధన చేసిన సైకాలజిస్ట్ ఆంథోనీ గ్రాంట్, ఆయన సహచరులు కోచింగ్ కోసం వచ్చినవాళ్ళని పరీక్షిస్తే వాళ్ళలో 25 నుంచి 50 శాతం దాకా ఆందోళనో డిప్రెషనో డాక్టర్ చూడాల్సిన స్థాయిలో ఉన్నట్టు తేలింది. మా ఊళ్ళో ఇంకా ఎక్కువే ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే "కోచింగ్" అంటే పరువు తక్కువ కాదు కదా, కంపెనీ పంపిందని చెప్పుకోవచ్చు, వాల్తేరు కాదు. మా తలుపు మీద ఆ పేరు లేదు కాబట్టే మా దగ్గరికొస్తారు.

అయితే దీని తర్వాత నేను రెండో వైపు తప్పు కూడా చేశాను, అదీ రాయాలి. రుషికొండ ఐటీ సెజ్‌లో పనిచేసే ఒకమ్మాయి మొదటి సెషన్లోనే బోరున ఏడ్చింది, నేను దెబ్బతిన్న పిల్లిలా వెంటనే అదే సైకాలజిస్ట్ దగ్గరికి పంపేశాను. ఆవిడ రెండు సెషన్లు చూసి వెనక్కి పంపించారు, "ఈ అమ్మాయికి జబ్బేం లేదండీ, ఉద్యోగం నచ్చలేదు, ఇంట్లో చెప్పలేకపోతోంది, అది మీ పనే" అని. ఏడుపు జబ్బు కాదు, నవ్వుతూ మెట్లెక్కి రావడం ఆరోగ్యమూ కాదు.

మిగిలిన సెషన్లు

ఐదు నెలల తర్వాత అప్పలరాజు గారు మళ్ళీ వచ్చారు. లిఫ్ట్‌లో వచ్చారు, సోఫాలో కూర్చున్నారు, బాటిల్ బ్యాగులో ఉంది. ముందే రూల్స్ పెట్టుకున్నాం. గాభరా గురించి ఏం వచ్చినా అది సైకాలజిస్ట్ దగ్గరికే, ఆవిడ అప్పటికి నెలకోసారి చూస్తున్నారు. నేను ధైర్యం పెంచే పనులేవీ ఇవ్వను. మందుల గురించి నేను నోరెత్తను. బాగుంది, మరి మీతో ఏం మాట్లాడాలి మేడమ్ అన్నారు. నాకూ అదే సందేహం కొంచెం.

ఏప్రిల్ ఎప్పుడో అయిపోయింది, మేనేజర్ పోస్టు ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఆయనకి బాధ ఉంటుందని నేననుకుంటే, "నిజం చెప్పాలంటే హాయిగా ఉంది" అన్నారు. పాత నేనైతే దాన్ని తప్పించుకోవడం అని పట్టుకునేదాన్ని, లేదా క్లయింట్ మాటే వేదం అని వదిలేసేదాన్ని. ఈసారి అడిగా, "ఈ హాయి తలుపు దగ్గర కుర్చీ లాంటి హాయా, వేరేదా?" ఆయన ఆలోచించుకుని వచ్చే సెషన్‌లో చెప్తానన్నారు. అదే నాకు ఈ మొత్తం కేసులో నచ్చిన క్షణం, ఎందుకంటే ఆరు నెలల ముందు ఆయనకి ఆ తేడా తెలిసే మార్గమే లేదు, భయం అన్నిటికీ ఒకే రంగు వేసేసింది. థెరపీ ఆ రంగు కడిగింది కాబట్టి ఇప్పుడు ఏది ఇష్టం ఏది భయం అని విడదీసి చూడొచ్చు, ఆ చూడ్డానికి పక్కన కూర్చునే పని నాది.

రెండు వారాల తర్వాత చెప్పారు. మేనేజర్ అయితే రోజంతా మీటింగులు, మెయిళ్ళు, ఆడిట్ జవాబులు, అవి ఇప్పుడు చెయ్యగలరు, భయం కాదు, కానీ ఇష్టం లేదు. ఇష్టం ఫ్లోర్ మీద ఉంది, కొత్తగా వచ్చే డిప్లొమా కుర్రాళ్ళకి గౌను ఎలా వేసుకోవాలి, బ్యాచ్ రికార్డ్ ఎలా రాయాలి, రాసింది కొట్టేస్తే పక్కన సంతకం, తేదీ ఎందుకు పెట్టాలి అని చెప్పడంలో. జీతం తేడా లెక్క వేసుకున్నారు, భార్యతో కూర్చుని. పిల్లల చదువులకి ఇబ్బంది లేదని తేలాక ట్రైనింగ్ బాధ్యత అడుగుదామనుకున్నారు. అడగడం ఎలా అన్నదానికి ఒక సెషన్ పట్టింది, బాస్‌కి జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నదానికి ఒకటిన్నర. చెప్పాలని నేననలేదు, వద్దనీ అనలేదు, చెప్తే ఏమవుతుంది, చెప్పకపోతే ఎన్నాళ్ళు దాచాలి అని రెండు వైపులా నడిచి చూశాం. చివరికి చెప్పారు. ఇంత కసరత్తు చేస్తే ఆ బాస్ అంతా విని "సరే, ఆరోగ్యం చూసుకో. ఆ బ్యాచ్ రిలీజ్ ఎప్పుడు?" అన్నారట. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

పోయిన సంక్రాంతికి ఒక రాత్రి మళ్ళీ వచ్చిందట, ఊళ్ళో, భోగి జనంలో. తగ్గేదాకా అక్కడే నిలబడ్డారట. నేను తెలుసుకోవాలని చెప్పారు గానీ నన్నేం అడగలేదు, సైకాలజిస్ట్‌కి అప్పటికే ఫోన్ చేసేశారు.

నేను మార్చుకున్నవాటిలో పెద్దవి లేవు. ప్యాకేజీ డబ్బు ముందు మొత్తం తీసుకోవడం మానేశాను, మొదటి రెండు సెషన్లకే తీసుకుంటా, మిగతా ఆరు నా జేబులో ఉన్నాయని తెలిస్తే కళ్ళు మసకబారతాయి, ఈ కేసులో అది లేదని ఒట్టేసి చెప్పలేను. మొదటి రోజు ఇచ్చే ఫారంలో ఒక ప్రశ్న కలిపాను, "గత రెండేళ్ళలో ఆస్పత్రికి ఎందుకు వెళ్ళారు, డాక్టర్ ఏమన్నారు?" అని. చాలామంది జ్వరం, బీపీ అని రాస్తారు, ఖాళీగా వదిలేసేవాళ్ళూ ఉన్నారు.

పోయిన వారం ఒకావిడ, టైం మేనేజ్‌మెంట్ కోసం వస్తున్నారు, ఆ గడిలో "గ్యాస్, 4 సార్లు" అని రాశారు. శనివారం పదకొండింటికి వస్తారు. లిఫ్ట్ దగ్గరికి నేనే కిందకి వెళ్దామనుకుంటున్నా.